మైనం పూసుకొనే కప్ప – వేసవిలో మన అభ్యంగం

దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా, బ్రెజిల్ దేశాల నడుమ వ్యాపించిన గ్రాన్ చాకో అనే వేడి ప్రదేశంలో ఒక చెట్టుకప్ప ఉన్నది. ఫిల్లోమెడూసా సౌవేజీ దాని శాస్త్రీయనామం. కప్ప చర్మం పలుచన. దానిగుండా నీరు సులభంగా ఆవిరైపోతుంది. అట్టి ప్రాణి ఎండిన గాలిలో, కొమ్మమీద, పగలంతా కదలక కూర్చోగలుగుట ఎట్లు?

దాని చర్మంలోని సూక్ష్మగ్రంథులు మైనం వంటి స్నేహద్రవ్యాన్ని స్రవిస్తాయి. కప్ప తన కాళ్ళతో దానిని తల మొదలు పొట్ట వరకు ఓపికగా పూసుకొని, ఆపైన కన్నులు మూసుకొని నిశ్చలంగా ఉండిపోతుంది. మా వంటి వైద్యులకు తైలాభ్యంగం గుర్తుకు రాక మానదు. ఈ పూత వలన దాని ఒంటినుండి పోయే నీరు సాధారణ కప్పలతో పోల్చితే అత్యల్పం. విసర్జనలోనూ పొదుపే. తక్కిన కప్పల వలె యూరియాగా గాక, పక్షుల వలె అధికభాగం యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తుంది. (ఈ చర్మంలోనే డెర్మార్ఫిన్ అనే తీవ్రమైన మత్తుపదార్థం కూడ ఉన్నది. కప్ప స్రావాలను ఔషధమని ఎవరు చెప్పినా వాడరాదు.)

"అయితే మేమూ ఒళ్ళంతా దట్టంగా నూనె పట్టించి ఎండలోకి వెళ్తే నీరు నిలుస్తుంది గదా?" అని అడిగేవారు కలరు. ఇది ప్రమాదకరమైన ఊహ. మన శరీరం చెమటను ఆవిరిచేసి చల్లబడుతుంది. స్వేదవహ స్రోతస్సులకు మేదస్సు, రోమకూపాలు మూలమని చరకుడు చెప్పినాడు. ఆ రోమకూపాలపై దట్టమైన జిడ్డు పేరుకొంటే చెమటకాయలు లేస్తాయి, వేడి లోపలనే నిలుస్తుంది. అంతెందుకు, ఆ కప్ప సైతం శరీరోష్ణం 40 డిగ్రీల దరిదాపులకు చేరేసరికి పొదుపు మాని, చర్మంనుండి నీటిని ఆవిరిగా విడిచి చల్లబడుతుంది!

వేసవిలో అభ్యంగం మానవలసిన పని లేదు. ఉదయం పలుచగా నువ్వులనూనె మర్దించి, అరగంట తరువాత పెసరపిండితో జిడ్డు పోవునట్లు స్నానం చేయండి. జ్వరం, అజీర్ణం ఉన్ననాడు వద్దు. నడియెండలో తిరగక, దాహం కాకమునుపే నీరు, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ త్రాగండి. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు ఉప్పు విషయంలో తమ వైద్యుని అడగాలి. ఎండలో ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా ఇంటివైద్యం పెట్టుకోరాదు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోసి విసరుతూ, తక్షణం ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.