ఎదురు తిరిగే హైడ్రోజన్

గెలాక్సీల ఫొటోల్లో చూపు నిలవని రకం ఒకటుంది. మైసూరు పప్పు గింజలా మధ్యలో ఉబ్బి, అంచుల్లో పలచబడి ఉంటుంది. సర్పిల గెలాక్సీలకు ఉన్నట్టే నక్షత్రాల పళ్లెం ఉంటుంది గానీ, మెలితిరిగిన చేతులుండవు. కొత్త నక్షత్రాల నీలి వెలుగూ తక్కువే. ఇవే కటకాకార గెలాక్సీలు. నక్షత్రాలకు ముడిసరుకైన వాయువు వీటిలో ఏనాడో అయిపోయిందని చాలాకాలం అనుకున్నారు. రేడియో టెలిస్కోపులు చూశాక ఆ మాట నిలవలేదు.

చల్లని హైడ్రోజన్ కంటికి కనిపించదు. కానీ ఆ పరమాణువులో ఎలక్ట్రాన్ స్పిన్ తిరగబడినప్పుడు 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వెలువడుతుంది. ఒక పరమాణువులో ఇది తనంతట తాను జరగాలంటే సగటున కోటి సంవత్సరాలకు పైనే పడుతుంది. గెలాక్సీలో పరమాణువులు అంతులేనన్ని ఉండబట్టే ఆ సంకేతం మనదాకా వస్తోంది. 1951లో అమెరికాలోని హార్వర్డ్‌లో యూయెన్, పర్సెల్ దాన్ని తొలిసారి పట్టుకున్నారు. వాయువు మనవైపు వస్తుంటే తరంగదైర్ఘ్యం కాస్త తగ్గుతుంది, దూరంగా పోతుంటే పెరుగుతుంది. అంటే వాయువు ఎక్కడుందో, ఎటు కదులుతోందో కలిపే తెలుస్తాయి.

1980లలో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ టెలిస్కోపుతో వాన్ డ్రీల్, వాన్ వూర్డెన్ కటకాకార గెలాక్సీలను పరిశీలించారు. చాలాచోట్ల హైడ్రోజన్ పళ్లెమంతా పరుచుకోకుండా ఉంగరంలా చుట్టుకుని ఉంది. ఎన్‌జీసీ 4262లో ఆ ఉంగరం నక్షత్రాల పళ్లేనికి వెలుపల ఉంది. తర్వాత అతినీలలోహిత కాంతిలో చూస్తే అక్కడ కొత్త నక్షత్రాలు కూడా కనిపించాయి.

నా దృష్టిలో అసలు విశేషం ఆకారం కాదు, కదలిక. ముసలి నక్షత్రాలు వదిలిన వాయువే అయితే అది వాటితోపాటే తిరగాలి. ఎన్‌జీసీ 3941లో హైడ్రోజన్ నక్షత్రాలకు ఎదురుదిశలో తిరుగుతోంది! పుట్టింట్లోనే ఉన్న వాయువు అలా తిరగబడే దారి లేదు. పొరుగు గెలాక్సీ నుంచి లాక్కున్నదో, మింగేసిన చిన్న గెలాక్సీ తెచ్చిందో, ఎలాగైనా బయటి నుంచి వచ్చిందే.

అందుకే చుట్టుపక్కల పరిస్థితి ముఖ్యం. 2012లో వెలువడిన ఒక సర్వేలో 166 దీర్ఘవృత్తాకార, కటకాకార గెలాక్సీలను చూశారు. కన్యారాశి గెలాక్సీల గుంపుకు బయట ఉన్నవాటిలో దాదాపు 40 శాతానికి హైడ్రోజన్ ఉంది. గుంపులోపల 10 శాతానికే ఉంది. అక్కడ నిండి ఉన్న వేడి వాయువులోంచి దూసుకుపోతుంటే గెలాక్సీల చల్లని వాయువు ఊడిపోతుంది.

ఎదురుదిశలో వచ్చిన వాయువు నక్షత్రాలుగా మారితే ఏమవుతుందో ఆ గుంపులోని ఎన్‌జీసీ 4550 చూపిస్తుంది. 1992లో వీరా రూబిన్ బృందం అందులో నక్షత్రాల పళ్లేలు రెండున్నాయని గుర్తించింది. రెండూ ఒకే కేంద్రం చుట్టూ, ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతున్నాయి.