మందిరంలో వైఫై: ముందు వైరు సంగతి చూద్దాం

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి యూత్ పిల్లలు ఫోన్ స్టాండుకి తగిలించి లైవ్ టెస్ట్ చేస్తే బొమ్మ అద్దంలా వస్తుంది. పదిన్నరకి జనం నిండుతారు. అదే లైవ్ గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది. మన తీరం ఊళ్లలో చర్చికి వెళ్లే ఏ ఫ్రెండునైనా అడగండి, ఇదే కథ చెబుతాడు. అందరూ కలిసి నెట్ కంపెనీని తిడతారు. తప్పు చాలాసార్లు కంపెనీది కాదు. వాళ్ల ఫైబర్ వచ్చి ఆగిన చోటు నుంచి మన ఫోన్ దాకా ఉన్న ఆఖరి నలభై మీటర్లది.

లైవ్ ఆగితే ఏమైందిలే అనుకోకండి. మన జిల్లా నుంచి కువైట్, ఖతర్ వెళ్లి పనిచేసేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. ఇంట్లో పెద్దాయన పోతే సెలవు దొరక్క, టికెట్టు దొరక్క, భూస్థాపన ఆరాధన ఫోన్‌లో చూసుకునే కొడుకులుంటారు. మంచం దిగలేని అమ్మమ్మలకి ఆదివారం అంటే ఆ ఫోనే. ఆ గంటలో లైవ్ తెగితే దాన్ని మళ్లీ జరిపించలేం. అందుకే ఇంజినీరింగ్ చదివే మనం సంఘంలో ఉంటే, "రేయ్, నువ్వు కంప్యూటర్సే కదా, చూడు" అన్నప్పుడు ఏం చూడాలో తెలిసి ఉండాలి. (ఈసీఈ వాళ్లని ఎవరూ అడగరు. పాపం, అసలు అడగాల్సింది వాళ్లనే.)

మామూలుగా పరిస్థితి ఇలా ఉంటుంది. ఏపీ ఫైబర్‌నెట్టో బీఎస్ఎన్ఎల్ ఫైబరో అయ్యగారి ఇంట్లోకి వచ్చి ఉంటుంది, ఎందుకంటే బిల్లు ఆయన పేరు మీద ఉంటుంది. చర్చి అదే కాంపౌండులో కొంచెం అవతల. ఇంట్లో రూటరు, మధ్యలో రెండు గోడలు, ఒక వేపచెట్టు. చర్చి లోపల ఒక గీత సిగ్నల్. ఎవరో ఒకాయన "బూస్టర్ ఒకటి పెడితే పోతుంది సార్" అంటాడు. వెయ్యి, రెండు వేలు పెట్టి గోడ ప్లగ్గులో గుచ్చే రిపీటరు కొంటారు. గీతలు నాలుగవుతాయి. లైవ్ మాత్రం ఆగుతూనే ఉంటుంది.

ఎందుకంటే రిపీటరు కొత్తగా నెట్ ఏమీ పుట్టించదు. చెవిటి తాతకి మనం చెప్పిన మాట మళ్లీ గట్టిగా చెప్పే మనవడి లాంటిది అది. ఒక్క రేడియో ఉన్న రిపీటరైతే ప్రతి ప్యాకెట్‌నూ ఒకసారి వినాలి, ఒకసారి పలకాలి, రెండూ అదే చానల్ మీద. అక్కడికే వేగం సగం పోయింది. పైగా దాన్ని సిగ్నల్ ఇప్పటికే నీరసించిన చోట పెడతాం కాబట్టి అది వినేదే నత్తనడకన వింటుంది. గీతలు చూపించేది మనకీ రిపీటరుకీ మధ్య బలం. రిపీటరుకీ రూటరుకీ మధ్య ఏం జరుగుతోందో ఆ గీతలకి తెలీదు.

కాబట్టి మొదటి పని వైరు. అసలు అంతకన్నా ముందు కేబుల్ ఆపరేటరుకి ఒక ఫోన్ చేసి, ఫైబర్ పెట్టెని చర్చిలోకే మార్చగలరా అని అడగండి. సగం చోట్ల అక్కడితో పని అయిపోతుంది. కుదరకపోతే ఇంటి నుంచి చర్చికి మనమే లైన్ లాగాలి. ఈథర్‌నెట్ వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. బజార్లో చవగ్గా దొరికే క్యాట్ 6 చుట్టల్లో చాలావరకు రాగి కాదు, అల్యూమినియం తీగకి రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. డేటా ఎలాగో వెళ్తుంది కానీ, అదే వైరు మీద కరెంటు కూడా పంపే పీఓఈ పెడితే దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. మన ఉప్పుగాలికి ఆ అల్యూమినియం కొసలు త్వరగా పొడైపోతాయి కూడా.

రెండు భవనాల మధ్య నా ఓటు ఫైబర్‌కే. పిడుగు దగ్గర్లో పడినప్పుడు రెండు భవనాల ఎర్తింగ్ ఒకే మట్టంలో ఉండదు. ఆ తేడా అంతా రాగి వైరు గుండా పరిగెత్తి రెండు వైపులా పోర్టుల్ని కాల్చేస్తుంది. గాజులో కరెంటు పారదు. రెండు మీడియా కన్వర్టర్లు, ఒక డ్రాప్ కేబుల్, అంతే. అతికే మిషను కేబుల్ కుర్రాళ్ల దగ్గర ఉంటుంది. డ్రాప్ కేబుల్‌కి ఆధారంగా ఉక్కు తీగ ఉంటుంది చూడండి, దాన్ని భవనం బయటే కోసేయమనండి. లేకపోతే ఫైబర్ వేసిన ప్రయోజనమే పోతుంది.

వైరు చర్చిలోకి వచ్చాక దాని చివర యాక్సెస్ పాయింట్ పెడతాం. ఎక్కడ పెట్టాలి? చాలామంది వేదిక మూల, యాంప్లిఫయరు వెనక, డ్రమ్స్ పక్కన పెడతారు, ప్లగ్గు అక్కడ ఉంది కాబట్టి. ఖాళీ హాల్లో అది బాగానే పనిచేస్తుంది. కానీ మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాల్ని మింగేస్తుంది. రెండొందల మంది లేచి నిలబడి పాట పాడుతుంటే రూటరుకీ ఆఖరి వరసకీ మధ్య నిలబడింది ఒక నీళ్ల గోడ. తొమ్మిదిన్నరకి బాగుండి పదిన్నరకి చెడిపోవడానికి ఇది ఒక కారణం. తలల కన్నా బాగా పైన, వీలైతే స్లాబ్‌కి కింద, హాలు మధ్యలో బిగించండి. పక్కన రేకుల షెడ్డు దింపి ఉంటే దానికి వేరే యాక్సెస్ పాయింట్ వేయాల్సిందే. రేకు మీద పడ్డ సిగ్నల్ అద్దం మీద పడ్డ వెలుతురులా వెనక్కి పోతుంది.

పవర్ ఫుల్‌గా పెట్టాలనే ఆశ వదులుకోండి. మైకు పట్టుకున్న అయ్యగారి మాట గేటు దాకా వినిపిస్తుంది. గేటు దగ్గరి తమ్ముడు మైకు లేకుండా చెప్పే జవాబు వేదిక దాకా రాదు. యాక్సెస్ పాయింట్, ఫోన్ల సంగతీ అంతే. ఫోన్ ప్రసార శక్తి తక్కువ. ఒకటి గట్టిగా అరవడం కన్నా రెండు నెమ్మదిగా మాట్లాడటం మేలు. ఆ రెండూ వేరు వేరు చానళ్ల మీద ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మాత్రమే. హాలు లోపల ఫోన్లని వీలైనంత 5 గిగాహెర్ట్జ్ మీదికి తోయండి.

రెండో కారణం గాలిలో టైము. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. 1500 బైట్ల ప్యాకెట్ అంటే 12,000 బిట్లు. 54 మెగాబిట్ల వేగంతో అది పావు మిల్లీసెకను లోపే గాల్లో ఉంటుంది. గేటు దగ్గర ఒక్క గీతతో, 1 మెగాబిట్ వేగానికి పడిపోయిన పాత ఫోను అదే ప్యాకెట్‌కి 12 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ టైమంతా మిగతా అందరూ నోరు మూసుకుని ఆగాలి. అందుకే సెట్టింగ్స్‌లో అడుగున ఉన్న పాత వేగాల్ని ఆపేస్తే గేటు దగ్గరి ఫోను తనంతట తాను మొబైల్ డేటాకి పోతుంది, హాలు ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంత చేసినా లైవ్ పెట్టే ఫోన్‌ని మాత్రం వైఫైకి వదలకండి. టైప్-సి నుంచి ఈథర్‌నెట్‌కి మార్చే చిన్న అడాప్టరు దొరుకుతుంది, చాలా ఫోన్లు దాన్ని తీసుకుంటాయి. 720పి లైవ్‌కి మూడు నాలుగు మెగాబిట్ల అప్‌లోడ్ చాలు. స్పీడ్ టెస్ట్‌లో అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు, మనక్కావాల్సింది రెండో అంకె. లైవ్‌కి కావాల్సినదానికి రెండింతలుంటే నిశ్చింత. జనానికి వేరే పేరుతో గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చి, ఒక్కొక్కరికి వేగం పరిమితి పెట్టండి. పాస్‌వర్డ్ లేకుండా ఊరికి వదిలేయొద్దు. ఎవరేం చేసినా ముందు ప్రశ్నలొచ్చేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే.

ఇక విస్తరణ. సండే స్కూల్ హాలు మూడొందల మీటర్ల అవతల, మధ్యలో వేరేవాళ్ల సరుగుడు తోట. అక్కడికి వైరు లాగలేం. ఇక్కడ మాత్రం వైర్‌లెస్సే సరైన మందు, అదీ ఎదురెదురుగా గురిపెట్టిన రెండు 5 గిగాహెర్ట్జ్ డిష్‌లతో. 2018లో కేంద్రం ఈ బ్యాండులో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అంతకుముందు దాంట్లో చాలాభాగం ఇంటి లోపలికే పరిమితం. మూడొందల మీటర్లకి గాల్లో నష్టం సుమారు 97 డెసిబెల్స్. ఒక్కోటి 13 డెసిబెల్స్ గెయిన్ ఉన్న మామూలు డిష్‌లకి అది లెక్కలోది కాదు. అసలు చిక్కు సరుగుడు. డిష్‌ల మధ్య గీత కనిపిస్తే చాలదు, ఆ గీత చుట్టూ మధ్యలో సుమారు రెండు మీటర్ల ఖాళీ కావాలి. ఫ్రెనెల్ జోన్ అని పరీక్షకి చదివింది ఇదే. సరుగుడు ఏపుగా పెరుగుతుంది. ఈ ఏడు డిష్ కింద ఉన్న కొస రెండేళ్లకి ఎదురుగా నిలబడుతుంది. తడిసిన ఆకు ఇంకా ఎక్కువ మింగుతుంది. తోట కొట్టే దాకా ఆగలేం కాబట్టి ఇప్పుడే ఎత్తుగా బిగించాలి. మధ్యలో రొయ్యల గుంటలుండి లింకు కిలోమీటర్లు దాటితే, నీటి మీద తిరిగి వచ్చే ప్రతిబింబం అసలు సిగ్నల్‌ని కొట్టేయొచ్చు. అప్పుడు డిష్‌ని ఒక మీటరు పైకో కిందకో జరిపి చూడాలి.

ఎత్తు విషయంలో చర్చికి ఒక అదృష్టం ఉంది. మన దగ్గర పశ్చిమ గోదావరి పల్లెల్ని వైఫై లింకులతో కలిపిన బిర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' లాంటి ప్రాజెక్టుల్లో ఖర్చు బరువంతా టవర్ల మీదే పడుతుంది, రేడియోలు చవక. గంట గోపురం ఉన్న చర్చికి టవరు ముందే కట్టి ఉన్నట్టు. ఇంగ్లండులో 2018లో ప్రభుత్వం, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కలిసి పల్లెలకి బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ సిగ్నల్ ఇవ్వడానికి చర్చి గోపురాల్ని వాడుకుందామని ఒప్పందమే చేసుకున్నాయి.

తీరంలో బిగించేటప్పుడు ఉప్పు సంగతి మరవకండి. జీఐ క్లాంపు తుప్పుతో ఊడిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు కొనండి. ప్రతి బయటి జాయింటుకీ తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. వైరు భవనంలోకి దూరే ముందు కిందకి ఒక వంపు ఇవ్వండి, వాన నీరు అక్కడే కారిపోతుంది. 1989 నవంబరు తుఫాను తీరం దాటింది కావలి దగ్గరే. కృష్ణపట్నంలో ప్రమాద సూచిక ఎగరేశారంటే యూత్‌లో ఒకరు ఎక్కి డిష్ విప్పి దించేయాలి, గాలి మొదలవక ముందే. ఆ ఒక్కరు ఎవరో ముందే అనుకుని ఉండాలి.

కరెంటు గురించి చివరగా. తమిళనాడులో తేని అరవింద్ కంటి ఆసుపత్రి పల్లె కేంద్రాల్ని దూరపు వైఫైతో కలిపిన బర్క్‌లీ పరిశోధకులు 2008లో ఒక పేపర్ రాశారు. అలాంటి నెట్‌వర్క్‌లు మూలనపడటానికి ప్రధాన కారణంగా వాళ్లు తేల్చింది రేడియో లోపాన్ని కాదు, నాణ్యత లేని కరెంటుని: ఎగిరిపడే వోల్టేజీ, పోతూ వస్తూ ఉండే సప్లై. కాబట్టి బూస్టర్ కొనాలనుకున్న డబ్బుతో ఫైబర్ పెట్టెకీ యాక్సెస్ పాయింట్‌కీ ఒక మంచి యూపీఎస్, ఒక సర్జ్ ప్రొటెక్టర్ కొనండి. చర్చి ఎర్తింగ్ గుంటలో ఆఖరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో అయ్యగారిని అడగండి. ఇదంతా అయ్యాక టెస్ట్ చేయండి, ఖాళీ హాల్లో కాదు, జనం నిండిన ఆదివారం రెండో పాట దగ్గర, ఆఖరి వరసలో నిలబడి.