విటమినూ, దాని విరోధీ ఒకే మందుల చీటీలో!

పుదుచ్చేరి పట్టణం నుండి తిండివనం వెళ్ళే దారిలో గోరిమేడు వస్తుంది. అక్కడ ఉన్న జిప్మెర్ ఆసుపత్రి ముందు తెల్లవారేసరికే జనం బారులు తీరుతారు. 1823లో ఫ్రెంచివారు స్థాపించిన వైద్య పాఠశాల ఈ సంస్థకు మూలం. 1964లో ఇది జవహర్‌లాల్ పేరు పెట్టుకొంది. 2008లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇక్కడికి తమిళులతోబాటు తెలుగువారూ వస్తారు. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం కూడ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కదా!

రోగ నిరోధక వ్యవస్థ తప్పుదారి పట్టడం వల్ల వచ్చే జబ్బులకు ఇక్కడ క్లినికల్ ఇమ్యునాలజీ అనే ప్రత్యేక విభాగం ఉంది. అక్కడికి యానాం నుండి ఒక నలభై ఏళ్ళ తల్లి వచ్చిందనుకుందాం. ఆమె వేళ్ళ కణుపులు వాచిపోయాయి. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడవలేదు. జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. డాక్టరుగారు రాసిన చీటీలో ముఖ్యంగా రెండు మందులున్నాయి. ఒకటి మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్.

చీటీలో లేనివి మరికొన్ని ఆమె చేతిసంచిలో ఉన్నాయి. పక్కింటివారు చెప్పిన విటమిన్ డి పొట్లాలు, జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు, 'ఇమ్యూనిటీ పెంచే' పొడి డబ్బా. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల పెట్టె తెరిచినా ఇలాంటివి కనిపించవచ్చు. వీటిలో ఏది అవసరం? ఏది దండగ? ఏది ప్రమాదం? ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

సొంత సైన్యమే ఎదురు తిరిగితే

మన శరీరంలోకి బాక్టీరియాలు, వైరస్‌లు ప్రవేశిస్తే తెల్ల రక్తకణాలూ, అవి తయారుచేసే ప్రతిరక్షకాలూ వాటిని ఎదుర్కొంటాయి. ఇందుకు ముందుగా 'ఏది నాది, ఏది పరాయిది' అని గుర్తించగలగాలి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, శరీరం తన మీద తానే దాడి చేసుకోకుండా ఏదో కట్టుబాటు ఉండి తీరాలని భావించాడు. కాని ఆ కట్టుబాటు కొందరిలో సడలిపోతుందని తరువాత తేలింది. దాడి కీళ్ళ పొరపై జరిగితే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. థైరాయిడ్ గ్రంథిపై జరిగితే హషిమోటో వ్యాధి. క్లోమంలోని ఇన్సులిన్ కణాలపై జరిగితే మొదటి రకం మధుమేహం. చర్మం, మూత్రపిండాలు, కీళ్ళు ఇలా పలుచోట్ల జరిగేది లూపస్. వీటన్నిటినీ స్వయం నిరోధక వ్యాధులంటారు.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ రోగులలో నిరోధక శక్తి చాలకపోవడం కాదు, అది గురి తప్పడం అసలు సమస్య. అందుకే డాక్టర్లు ఇచ్చే మందుల్లో చాలా భాగం ఆ శక్తిని అదుపులో పెట్టేవి. అలాంటప్పుడు 'ఇమ్యూనిటీ పెంచే' పొడి ఏ మేలు చేస్తుందో మీరే ఆలోచించండి.

భీమవరం శాస్త్రవేత్త చేతిలో ఫోలిక్ ఆమ్లం

ఆ తల్లి చీటీలోని రెండు మందుల వెనుకా ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాలో బలిగొంది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం క్షీణించి రోగి కృశించిపోయే జబ్బు అది.

1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని కనుగొంది. అందులో పనిచేసే పదార్థమేమిటో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర ఆకుల నుండి అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఆకుకు ఉన్న మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లం అన్నారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది గొప్ప వరమైంది.

కథ అక్కడితో ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలిచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకొన్నట్టు గమనించాడు. విటమిన్ కదా, మేలే చేస్తుంది అనుకోవడానికి వీల్లేదన్నమాట! కణం విభజన చెందాలంటే కొత్త డి.ఎన్.ఎ. కావాలి. దాని తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణాలకూ అంతే. అయితే ఈ విటమిన్‌ను అడ్డుకొంటే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన, దాని పని చేయలేని అణువులను తయారుచేసి ఇచ్చింది. అలాంటి అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

1951లో రిచర్డ్ గబ్నర్ బృందం అమినోప్టెరిన్‌ను కీళ్ళ జబ్బులో వాడి ఫలితం చూసింది. కాని అప్పట్లో కొత్తగా వచ్చిన కార్టిజోన్ మోజులో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో జరిగిన పరిశోధనల తరువాత, 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు ఆమోదించింది. ఈనాడు ప్రపంచమంతటా రుమటాయిడ్ చికిత్సలో ముందుగా తలచుకొనే మందు ఇదే.

అడ్డుకొనే మందుతోబాటు విటమిన్ ఎందుకు?

ఒక చేత్తో ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొంటూ, మరో చేత్తో దాన్నే ఇవ్వడమేమిటి? ఇది విద్యార్థులు తప్పక అడగవలసిన ప్రశ్న.

ఫోలిక్ ఆమ్లం పనికొచ్చే రూపంలోకి మారాలంటే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము కావాలి. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైముకు అతుక్కుపోతుంది. తాళం కప్పలో సరిపోని చెవి ఇరుక్కున్నట్లే. ఎముక మూలుగ, నోటి పొర, పేగుల పొర నిరంతరం విభజన చెందే కణాలు గనుక ముందుగా దెబ్బ తగిలేది వాటికే. నోట్లో పుళ్ళు, వికారం, రక్తకణాలు తగ్గడం అందువల్లే.

అయితే కీళ్ళ జబ్బులో ఇచ్చే మోతాదు చాలా చిన్నది. వారానికి 7.5 నుండి 25 మిల్లీగ్రాములు. ఈ మోతాదులో వాపును తగ్గించే పని చాలావరకు మరో దారిన, అడినోసిన్ అనే పదార్థం కణాల వెలుపల పెరగడం ద్వారా జరుగుతుందని భావిస్తున్నారు. కనుక కొద్దిగా ఫోలిక్ ఆమ్లం ఇస్తే నోటికీ, పేగులకూ, కాలేయానికీ కలిగే బాధ తగ్గుతుంది. కీళ్ళకు కలిగే మేలు పెద్దగా తగ్గదు. సాధారణంగా దీన్ని మెథోట్రెక్సేట్ వేసుకొనే రోజున కాక మరో రోజున వేసుకోమంటారు.

వారానికి ఒక్కసారే!

ఈ రెండు మాత్రలూ తరచు చిన్నవిగా, పసుపు రంగులో ఉంటాయి. ఒకదాని బదులు మరొకటి వేసుకొన్నా, వారానికొకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకొన్నా మూలుగ పని ఆగిపోతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. అప్పుడు మామూలు ఫోలిక్ ఆమ్లం ఆదుకోలేదు. ఎందుకంటే ఆ ఎంజైము స్తంభించిపోయి ఉంటుంది. ఆ మెట్టు దాటి తయారైన రూపమైన ఫోలినిక్ ఆమ్లాన్ని ఆసుపత్రిలో ఇవ్వవలసి వస్తుంది. కాబట్టి చదువుకొన్న పిల్లలు చేయదగిన ఒక చిన్న పని ఉంది. మెథోట్రెక్సేట్ డబ్బామీద 'సోమవారం మాత్రమే' అనో, డాక్టరు చెప్పిన మరో వారమో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. గర్భం దాల్చాలనుకొనేవారు ఈ మందు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భస్థ శిశువుకు ఇది హానికరం.

విటమిన్ లోపమే రోగమైన చోట

పెర్నీషియస్ అనీమియా అనే జబ్బులో, బి12 విటమిన్‌ను పేగుల్లో పీల్చుకోవడానికి తోడ్పడే 'అంతర్గత కారకం' అనే ప్రోటీన్ మీదా, దాన్ని తయారుచేసే జీర్ణకోశ కణాల మీదా ప్రతిరక్షకాలు దాడి చేస్తాయి. ఎంత మంచి ఆహారం తిన్నా బి12 ఒంటికి పట్టదు. ఇక్కడ విటమినే అసలు మందు. సూదిగానో, పెద్ద మోతాదు మాత్రలుగానో సాధారణంగా జీవితాంతం తీసుకోవాలి. ఇలాంటివారు సొంతంగా ఫోలిక్ ఆమ్లం మాత్రమే వేసుకొంటే రక్తం పుంజుకొంటుంది. కాని నరాలు లోలోపల చెడిపోతూనే ఉంటాయి. రక్తపరీక్ష బాగుందని సంతోషించేలోపు కాళ్ళు తిమ్మిరెక్కి నడక తడబడుతుంది.

ఎండ విటమిన్ ఎంత?

లూపస్ రోగులను ఎండకు దూరంగా ఉండమంటారు. స్టెరాయిడ్ వాడేవారి ఎముకలు పలచబడతాయి. కనుక వీరికి విటమిన్ డి, కాల్షియం అవసరపడవచ్చు. 2022లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 25,871 మంది పాల్గొన్నారు. వయసు మళ్ళిన ఈ వ్యక్తుల్లో రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి అయిదేళ్ళకు పైగా తీసుకొన్నవారికి కొత్తగా స్వయం నిరోధక వ్యాధి రావడం 22 శాతం తక్కువగా కనిపించింది. కాని ఇది జబ్బు రాకుండా చూసిన పరిశోధన. వచ్చిన జబ్బు నయమైందని దీని అర్థం కాదు.

మన దేశంలో పెద్దలకు సిఫారసు చేసిన మోతాదు రోజుకు 600 యూనిట్లు. దుకాణంలో దొరికే పొట్లంలో 60,000 యూనిట్లుంటాయి. లెక్క వేయండి, ఒక్క పొట్లం నూరు రోజుల మోతాదు! లోపం ఉన్నవారికి డాక్టర్లు వారానికొకటి చొప్పున కొన్ని వారాలపాటు ఇస్తారు. రోజూ వేసుకొంటే రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు, అతిదాహం, చివరకు మూత్రపిండాలు దెబ్బతినడం దాకా పోతుంది. ఇది కొవ్వులో నిలవ ఉండే విటమిన్. బి, సి విటమిన్లలాగా మూత్రంలో తేలికగా పోదు.

పరీక్షనే తప్పుదారి పట్టించే మాత్ర

బయోటిన్ మనకు రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టు మాత్రల్లో 10 మిల్లీగ్రాములు, అంటే మూడు వందల రెట్లకు పైగా ఉండవచ్చు. చాలా రక్తపరీక్షలు బయోటిన్‌ను పట్టి ఉంచే రసాయన పద్ధతి మీద ఆధారపడతాయి. రక్తంలో ఇది ఎక్కువగా ఉంటే లెక్క తారుమారవుతుంది. థైరాయిడ్ చురుకు తగ్గినవారికి అది మితిమీరినట్టు ఫలితం రావచ్చు. దాన్ని నమ్మి మందు తగ్గిస్తే నష్టపోయేది రోగే. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడ ఇలా తప్పవచ్చునని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. పరీక్షకు ముందు బయోటిన్ వాడకం చెప్పి, ఎన్నాళ్ళు ఆపాలో అడగాలి. థైరాయిడ్ మాత్రకూ, ఐరన్ లేదా కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. కలిపి వేసుకొంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు.

'సహజం' అంటే క్షేమమేనా?

కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం ఇంటింటా కాచారు. 2021లో ముంబాయి వైద్యులు దాన్ని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు ప్రచురించారు. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుండి 43 మంది రోగుల వివరాలు వెలువడ్డాయి. పలువురిలో అది స్వయం నిరోధక కాలేయ వ్యాధిని పోలి ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ నిందను అంగీకరించలేదు. వివాదం ఎలా ఉన్నా, ఇప్పటికే ఇలాంటి వ్యాధి ఉన్నవారు నిరోధక శక్తిని రెచ్చగొట్టే పదార్థాలను సొంతంగా వాడకపోవడమే వివేకం.

మళ్ళీ గోరిమేడుకు వద్దాం. ఆ తల్లి డాక్టరు ముందు కూర్చొన్నప్పుడు చీటీతోబాటు సంచి కూడ బల్లమీద బోర్లించాలి. పొట్లం, పొడి, కషాయం అన్నీ. 'ఇవి మందులు కావులే' అని దాచకూడదు. ఆమె పక్కన నిలబడిన కాలేజీ విద్యార్థి చేతిలో ఒక కాగితం, దానిమీద ప్రతి మాత్ర పేరు, మోతాదు, వేసుకొనే రోజు రాసి ఉంటే మరీ మంచిది. సుబ్బారావుగారు విటమిన్‌నూ, దాని విరోధినీ రెండింటినీ మనకిచ్చారు. ఏది ఎప్పుడు, ఎంత అన్నది తెలిసినప్పుడే రెండూ మందులవుతాయి.