విలువిద్య: బొటనవ్రేలి పట్టు

హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ముసలితనంలో కూడా రెండు గురుల నడుమ అటూ ఇటూ నడుస్తూ బాణాలు వేస్తుండేవారు. ఈ వయస్సులో ఇంత శ్రమ ఎందుకని ఒకరు అడిగారు. విలువిద్య నేర్చి విడిచిపెట్టినవాడు మనలోనివాడు కాడని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని, లేకుంటే ఈ శ్రమ పడకపోదునని ఆయన బదులిచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మందలింపు నేర్వనివానికి కాదు, నేర్చి మానినవానికి. ఈ విద్య ఎంత త్వరగా చేజారిపోతుందో తెలిస్తే గాని ఇందులోని బరువు తెలియదు.

తరువాతి శతాబ్దాలలో ముస్లిం విలుకాండ్రు ఎక్కువగా వాడినది అతుకుల విల్లు. నడుమ కొయ్య, విలుకానివైపు కొమ్ము, అవతలివైపు పశువుల స్నాయువు, వీటిని పట్టి ఉంచే జిగురు. కొమ్ము నొక్కుడుకు, స్నాయువు సాగుడుకు ఓర్చుకుంటాయి. అందుకే విల్లు పొట్టిదైనా బలం ఎక్కువ, గుర్రంపై సులువు. తేమ మాత్రం దీనికి శత్రువు. (తేమకు చెడని ఉక్కు విండ్లు మన దేశంలో తయారైనా బాణ వేగంలో దీనికి సాటిరాలేదు.) బాణం లేకుండా నారిని లాగి వదలరాదు. ఆ దెబ్బ విల్లే తింటుంది.

అసలు కిటుకు కుడిచేతిలో ఉంది. నేటి పోటీలలో నారిని మూడు వ్రేళ్ళతో లాగుతారు. బాణం వింటికి ఎడమప్రక్కన ఉంటుంది. పాత పద్ధతిలో బొటనవ్రేలిని నారికి కొక్కెంలా తగిలించి, దానిపై చూపుడువ్రేలిని మూసి లాగేవారు. బాణం కుడిప్రక్కన ఉండేది. అరబ్బులు దీనిని "అరవై మూడు" అన్నారు. వారి వ్రేళ్ళ లెక్కలో చివరి మూడు వ్రేళ్ళు ముడిస్తే 3, వంచిన బొటనవ్రేలిపై చూపుడువ్రేలు వేస్తే 60. నారి కోయకుండా బొటనవ్రేలికి తోలు, కొమ్ము లేదా రాతి ఉంగరం తొడిగేవారు.

వదలడమే కష్టం. వ్రేళ్ళను విప్పాలని తలచిన క్షణంలోనే చేయి ముందుకు జారుతుంది, గురి తప్పుతుంది. ఎడమచేయి కదలరాదు. కుడి మోచేయి వెనుకకే పోతుండగా పట్టు దానంతట సడలాలి. ఇది చెబితే వచ్చేది కాదు, వేలసార్లు చేస్తేనే చేతికి అలవడుతుంది.

14వ శతాబ్దిలో మమ్లూకు విలుకాడు తైబుగా ఈ విద్యపై అరబీలో ఒక గ్రంథం వ్రాశాడు. దాని ఆంగ్లానువాదం 1970లో లండన్‌లో వెలువడింది. అబూ హాషిమ్, తాహిర్ బల్ఖీ, ఇస్‌హాక్ రఫ్ఫా అనే ముగ్గురు ఉస్తాదుల పద్ధతులు అందులో చర్చకు వచ్చాయి. వింటి పట్టులో, నిలబడే తీరులో వారికే ఏకాభిప్రాయం లేదు. తొలినాళ్ళలో మెత్తని విల్లే పట్టాలన్న మాటకు మాత్రం ఉస్తాదులెవరూ అడ్డుచెప్పరు. బలమైన విల్లుతో మొదలుపెట్టినవాడు వణుకునే నేర్చుకుంటాడు.

తుర్కులు ఇందుకోసమే "కెపాజే" అనే మెత్తని విల్లు ఉంచుకున్నారు. దానితో బాణం వేయరు; నారిని లాగి, మెల్లగా తిరిగి యథాస్థానానికి తెస్తారు. తుర్కీ సంప్రదాయ విలువిద్యను యునెస్కో 2019లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కొత్తగా చేరినవారి చేతికి ముందుగా ఇచ్చేది నేటికీ మెత్తని విల్లే.