పరుగెత్తే కూతురు, మెట్లెక్కలేని తల్లి

ఒక ఇంటి సంగతి ఊహించుకోండి. ఇటువంటి ఇల్లు మీ వీధిలోనూ ఉండవచ్చు.

కూతురికి 18 ఏళ్లు. కాలేజీ తరఫున పరుగు పందాలకు వెళుతుంది. తెల్లవారుజామున 5 గంటలకే గ్రౌండులో ఉంటుంది. బరువు పెరిగితే వేగం తగ్గుతుందని రాత్రిపూట అన్నం మానేసింది. ఆరు నెలలుగా ఆమెకు బహిష్టు రావడం లేదు. తల్లితో చెబితే, "పరుగెత్తే పిల్లలకు అంతేనమ్మా, పోటీలయ్యాక అదే వస్తుందిలే" అని ఊరుకుంది.

తల్లికి 48 ఏళ్లు. ఆమెకు నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడుతోంది. డాక్టరుగారు వ్యాయామం చేయమంటే, "ఈ వయసులో నాకు వ్యాయామమేమిటండీ, ఇంటిపని చాలదా?" అని నవ్వేసింది.

రెండూ మనం రోజూ వినే మాటలే. కాని రెండూ పొరపాటు మాటలే. ఈ తల్లీకూతుళ్లిద్దరికీ తగ్గింది ఒక్కటే, ఈస్ట్రోజెన్ అనే హార్మోను. తల్లికి అది వయసును బట్టి తగ్గింది. కూతురికి తగ్గకూడని వయసులో తగ్గింది. ఇది ఆడవాళ్ల సంగతి కదా అని తండ్రులు పేజీ తిప్పేయవద్దు. ఆ ఇంట్లో ఎవరేం తింటున్నారో, ఎవరికి తీరిక దొరుకుతున్నదో చూడవలసిన బాధ్యత వారికి కూడా ఉంది.

నెల తిరిగేలోగా శరీరంలో జరిగేది

స్త్రీ అండాశయాలలో ముఖ్యంగా రెండు హార్మోనులు తయారవుతాయి. ఒకటి ఈస్ట్రోజెన్, రెండవది ప్రొజెస్టిరాన్. బహిష్టు వచ్చిన రోజుల్లో రెండూ తక్కువగా ఉంటాయి. తర్వాత ఈస్ట్రోజెన్ క్రమంగా పెరుగుతుంది. నెల మధ్యలో అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ ఎక్కువవుతుంది. గర్భం రాకపోతే రెండూ తగ్గి, మళ్లీ బహిష్టు వస్తుంది.

ఇవి గర్భసంచికి మాత్రమే సంబంధించినవని చాలామంది అనుకుంటారు. నిజానికి కండరాలు, ఎముకలు, రక్తనాళాలు, చివరకు శ్వాస మీద కూడా వీటి ప్రభావం ఉంటుంది. సమానమైన శ్రమ చేసేటప్పుడు స్త్రీ శరీరం పురుషుని శరీరం కంటె కొవ్వును కొంత ఎక్కువగా, పిండిపదార్థాన్ని కొంత తక్కువగా ఖర్చు చేస్తుంది. పరిశోధకులు కొందరు పురుషులకు కొద్దిరోజులు ఈస్ట్రోజెన్ ఇచ్చి చూడగా, వారిలోనూ కొవ్వు వాడకం పెరిగింది. ఇది ఈస్ట్రోజెన్ పనే అని దానివల్ల తెలిసింది.

ప్రొజెస్టిరాన్ శరీర ఉష్ణోగ్రతను సుమారు 0.3 నుండి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచుతుంది. శ్వాసను కూడా కొద్దిగా వేగపరుస్తుంది. అందుకే నెలలో చివరి పదిహేను రోజులలో, ముఖ్యంగా మన ఎండాకాలంలో, అదే నడక కొంచెం బరువనిపించవచ్చు. అది బద్ధకం కాదు. ఆ రోజుల్లో ఎండెక్కకముందే నడవడం, మంచినీళ్లు ఎక్కువ తాగడం మంచిది.

అయితే ఆ రోజుల్లో వ్యాయామం మానేయాలా? అవసరం లేదు. ఈ విషయమై జరిగిన 78 అధ్యయనాలను 2020లో కొందరు శాస్త్రజ్ఞులు కలిపి పరిశీలించారు. బహిష్టు మొదటి రోజుల్లో శక్తి తగ్గవచ్చు గాని, ఆ తగ్గుదల సగటున చాలా స్వల్పమని తేలింది. అది కూడా ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క విధంగా ఉంటుంది కాబట్టి ఎవరి శరీరాన్ని వారే గమనించుకోవాలన్నారు. పైగా వారానికి మూడుసార్లు, ముప్పావు గంట నుండి గంట చొప్పున వ్యాయామం చేసేవారికి బహిష్టు నొప్పి తగ్గే అవకాశముందని 2019లో వెలువడిన మరొక సమీక్ష తెలిపింది.

తప్పు పరుగుది కాదు

పూర్వం పాశ్చాత్య దేశాలలో కూడా పరుగు ఆడవారి గర్భసంచిని పాడుచేస్తుందని భయపడేవారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పందెం పెట్టి, తర్వాత తీసివేశారు. 1960 వరకు అది మళ్లీ రాలేదు. స్త్రీల మారథాన్‌కైతే 1984 వరకు ఒలింపిక్స్‌లో చోటే లేదు.

అదే 1984లో అమెరికాలో బార్బరా డ్రింక్‌వాటర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక పరిశీలన ప్రచురించింది. బహిష్టు ఆగిపోయిన 14 మంది క్రీడాకారిణులను, సక్రమంగా వస్తున్న 14 మందిని పోల్చి చూశారు. వయసు, బరువు, ఆట, సాధన ఇద్దరివీ దాదాపు ఒక్కటే. కాని మొదటివారి నడుము వెన్నుపూసలో ఎముక పలచబడి ఉంది. వారి సగటు వయసు 25. వారి వెన్నెముక మాత్రం 51 ఏళ్ల స్త్రీల వెన్నెముకతో సమానం!

పరుగు ఎముకను గట్టిపరుస్తుంది కదా, మరి ఇదెలా జరిగింది? మన ఎముక రోజూ ఒక ప్రక్క కరుగుతూ, మరొక ప్రక్క కట్టబడుతూ ఉంటుంది. కరిగించే కణాలకు ఈస్ట్రోజెన్ కళ్లెం వంటిది. వ్యాయామం కట్టే మేస్త్రీ వంటిది. కళ్లెం తెగిపోతే మేస్త్రీ ఎంత కష్టపడినా, కట్టినదానికంటె కూలినదే ఎక్కువవుతుంది.

అయితే ఈ కళ్లెం ఎందుకు తెగింది? 1998లో ఆన్ లౌక్స్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని పరీక్షించింది. యువతులచేత కఠినమైన వ్యాయామం చేయించి, కొందరికి ఆ శ్రమకు తగిన ఆహారమిచ్చారు, కొందరికి తగ్గించారు. అండాశయాలను పని చేయించే సంకేతాలు మెదడు నుండి రావాలి. ఆహారం తగ్గినవారిలో ఆ సంకేతాలు మందగించాయి. తగినంత తిన్నవారిలో వ్యాయామం వల్ల ఆ నష్టం కలుగలేదు. చూశారా, తప్పు పరుగుది కాదు, ఖాళీ కంచానిది. తిండి చాలనప్పుడు శరీరం ముందుగా గుండెను, మెదడును కాపాడుకుంటుంది. బిడ్డను కనే ఏర్పాటును ప్రక్కన పెడుతుంది.

కాబట్టి బహిష్టు ఆగిపోవడం ఆటకు కలిసివచ్చిన సౌకర్యం కాదు, అది శరీరం చేస్తున్న హెచ్చరిక. నిర్లక్ష్యం చేస్తే కాలి ఎముకల్లో సన్నని చీలికలు రావచ్చు. ఈ వయసులో పోగు చేసుకోని ఎముకను తర్వాత పూర్తిగా సంపాదించడం కష్టం.

తల్లికి బరువులు ఎందుకు?

మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది. ఆ తర్వాత ఐదు నుండి ఏడు సంవత్సరాలలో ఎముకలో 20 శాతం వరకు కరిగిపోవచ్చు. కండబలం కూడా తగ్గుతుంది. స్నానాల గదిలో జారిపడితే తుంటి విరగడం ఇటువంటి ఎముకలకే ఎక్కువ. కళ్లెం వదులైనప్పుడు మేస్త్రీ అవసరం మరింత ఎక్కువ కాదా?

ఇంటిపని మంచిదే. కాని రోజూ అదే పనికి అలవాటుపడిన ఎముక కొత్తగా బలపడదు. దానికి క్రమంగా పెరిగే బరువు కావాలి. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన 101 మంది పెద్ద వయసు స్త్రీలపై జరిగిన పరిశోధన 2018లో ప్రచురితమైంది. శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు బరువులు ఎత్తినవారి నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసినవారిలో 1.2 శాతం తగ్గింది.

బరువులెత్తితే ఆడవారు మగవారిలాగా తయారవుతారని కొందరి భయం. కండలు అంతగా పెరగడానికి కావలసిన టెస్టోస్టిరాన్ స్త్రీలలో చాలా తక్కువ. బలం మాత్రం చక్కగా పెరుగుతుంది. 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె.

మన ఇళ్లలో చేయవలసినవి

1. కూతుళ్లు నెలసరి తేదీలను క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. వరుసగా మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా పెద్దమనిషి కాకపోయినా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు కూడా ఉండవచ్చు.

2. ఆడే పిల్లకు ఆటకు తగిన అన్నం పెట్టాలి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు, రాగులు, ఆకుకూరలు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసం ఎక్కువైతే రక్తపరీక్ష చేయించండి.

3. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి వ్యాయామం, దానితోపాటు రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయమంటోంది. తల్లి చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. పెద్ద బరువులు మాత్రం డాక్టరును అడిగి, తెలిసినవారి దగ్గర నేర్చుకున్నాకే ఎత్తాలి.

ప్రియ సహోదరీ, ఇంటిల్లిపాదికి వడ్డించి మిగిలింది తినడం, అందరి పనీ అయ్యాక తీరిక దొరికితే నడవడం మనకు అలవాటైపోయింది. ఈ సాయంకాలం ఆ అలవాటు కొంచెం మార్చండి. పరుగెత్తి వచ్చిన కూతురిని ప్రక్కన కూర్చోబెట్టుకొని కడుపునిండా తినిపించండి. రేపు ఉదయం ఆమె గ్రౌండుకు వెళ్లేటప్పుడు మీరు కూడా చెప్పులు తొడుక్కోండి.