బిగ్స్‌బీ గిటార్ ట్యూనింగ్ పోతోందా? ముందు నట్ చూడండి!

సెమీ హాలో గిటార్ అనగానే గుర్తొచ్చేది 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335. రెండు పక్కలా బోలు, మధ్యలో గట్టి చెక్క దిమ్మ. అందుకే సౌండ్ నిండుగా ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ గోల తక్కువ.

నా సెమీ హాలోకి బిగ్స్‌బీ వైబ్రాటో ఉంది. కొన్న కొత్తలో ఆర్మ్ నొక్కిన ప్రతిసారీ ట్యూనింగ్ పోయేది. అమ్మేద్దామనుకున్నా. తీరా చూస్తే అసలు దొంగ నట్, అంటే మెడ చివర గాడులున్న చిన్న పట్టీ. గాడిలో స్ట్రింగ్ ఇరుక్కుని, ఆర్మ్ వదిలాక పూర్తిగా వెనక్కి రావట్లేదు. ట్యూన్ చేసేటప్పుడు ‘టిక్’ మని వినిపిస్తే అదే గుర్తు.

స్ట్రింగ్స్ వదులు చేసి, గాడిలో పెన్సిల్ ములుకు రుద్దండి. కొత్త స్ట్రింగ్స్ అయితే చేత్తో కాస్త లాగి మళ్లీ ట్యూన్ చేయండి. అయినా పోతుంటే గాడులు సరిచేయించాలి. ఇరుకుడు బ్రిడ్జి దగ్గరైతే రోలర్ బ్రిడ్జి వేయించుకోవచ్చు.

ఒక్క మాట: బిగ్స్‌బీ మెల్లగా ఊపడానికే, డైవ్ బాంబులకు కాదు. నాది మాత్రం ఇక అమ్మను!