‘అపరిమిత’ ఇంటర్నెట్‌కు పరిమితులు – గృహ వినియోగదారులు అడిగి తెలుసుకోవలసిన సంగతులు

(ప్రత్యేక వ్యాసం)

గృహావసరాలకు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసుకున్న వినియోగదారుల నుండి తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది. నెల మొదటి పక్షంలో చక్కగా పనిచేసిన ఇంటర్నెట్ రెండవ పక్షంలో ఒక్కసారిగా మందగిస్తుంది. సినిమా మధ్యలో నిలిచిపోతుంది, పిల్లల ఆన్‌లైన్ పాఠం తెగిపోతుంది, ఇంటి నుండి ఉద్యోగం చేసేవారికి సమావేశంలో అవతలివారి మాట వినిపించదు. సంస్థకు ఫోను చేస్తే మీ డేటా పరిమితి పూర్తయినది, కనుక వేగం తగ్గించడమైనదనే సమాధానం వస్తుంది. పథకం తీసుకున్న నాడు కరపత్రంలో ‘అపరిమితం’ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉన్నది గదా అని వినియోగదారుడు అడుగుతాడు. డేటా అపరిమితమే, పరిమితి వేగానికి మాత్రమేనని సంస్థ బదులిస్తుంది. వివాదమంతా ఈ రెండు మాటల మధ్యనే ఉన్నది.

వేగాన్ని ఇట్లు తగ్గించే పద్ధతిని సంస్థలు ‘ఫెయిర్ యూసేజ్ పాలసీ’ అని వ్యవహరిస్తాయి. పొదుపుగా ఎఫ్‌యూపీ అంటారు. నిర్ణీత పరిమాణం వరకు డేటాను ఒప్పుకున్న వేగంతో ఇచ్చి, ఆ తరువాత నెలాఖరు వరకు తక్కువ వేగంతో సరఫరా చేయడం దీని సారాంశం. ఇందుకు సంస్థలు చెప్పే కారణం పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఒక వీధిలోని పదుల ఇళ్లకు వచ్చే తీగలు చివరకు ఒకే పెద్ద దారిలో కలుస్తాయి. కాలువ ఎగువన ఉన్న రైతు తూము పూర్తిగా ఎత్తి వదిలివేస్తే చివరి ఆయకట్టుకు నీరందని విధంగానే, కొద్దిమంది రాత్రింబవళ్లు భారీగా డౌన్‌లోడ్ చేస్తే మిగిలినవారి వేగం పడిపోతుంది. అయితే కాలువ కింద వంతులవారీ నీటి విడుదల ఏ రోజున ఎవరి వంతో ఆయకట్టు రైతులందరికీ ముందుగా తెలిసి ఉంటుంది. ఇంటర్నెట్ విషయంలో లోపించినది అదే. అదియును గాక, దారి కిక్కిరిసేది సాయంత్రం నుండి రాత్రి పొద్దుపోయే వరకు. పరిమితి దాటిన ఇంటికి తెల్లవారుజామున మూడు గంటలకు కూడ వేగం తగ్గించే ఉంచడం వలన ఇరుగుపొరుగుకు ఒరిగేది ఏమీ లేదు. కాబట్టి ఈ విధానాన్ని రద్దీ నివారణ ఏర్పాటుగా కంటె, ఎక్కువ ధర గల పథకానికి వినియోగదారుని మళ్లించే వ్యాపార పద్ధతిగా చూడడమే సమంజసం. వ్యాపార పద్ధతి అయినంత మాత్రాన తప్పు కాదు. దానిని దాచి ఉంచినప్పుడే తప్పు.

సామాన్య వినియోగదారులకు చిక్కు తెచ్చి పెట్టేది లెక్క. వేగాన్ని బిట్లలోను, పరిమాణాన్ని బైట్లలోను చెప్పడం పరిపాటి. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనుక సెకనుకు 100 మెగాబిట్ల, అనగా 100 ఎంబీపీఎస్ వేగం గల కనెక్షన్‌పై సెకనుకు వచ్చేది పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. ఇదే లెక్కన 150 జీబీ పరిమితిని పూర్తి వేగంతో వాడితే 3 గంటల 20 నిమిషాలలో అయిపోతుంది. ఎవరూ అంత వేగాన్ని ఎడతెగక వాడరు నిజమే. కాని మంచి నాణ్యతతో చూసే వీడియోకు గంటకు సుమారు 3 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకు రెండు గంటలు చూసే కుటుంబానికి ఆ ఒక్క పద్దు కిందనే నెలకు 180 జీబీ కావాలి. ఇంటి ముంగిట బిగించుకున్న నిఘా కెమెరా సంగతి చాలమందికి తట్టనే తట్టదు. ఒక ఎంబీపీఎస్ చొప్పున దృశ్యాలను ఎడతెగక ఇంటర్నెట్ ద్వారా పంపే కెమెరా రోజుకు దాదాపు 11 జీబీ, నెలకు 320 జీబీకి పైగా వాడుతుంది. సాధారణంగా ఇంటికి వచ్చే డేటాతోబాటు ఇంటి నుండి వెళ్లే డేటాను కూడ పరిమితిలో లెక్కిస్తారు. ఎవరూ ఏమీ చూడలేదు, డేటా ఎట్లా అయిపోయినదని అడిగే ఇళ్లలో అనేకం ఇటువంటివే.

ఈ అసంతృప్తి నేటిది కాదు. భారత్ సంచార్ నిగమ్ 2005 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ సేవలను ప్రారంభించినప్పుడు వేగం 256 కేబీపీఎస్. ఆనాటి కొన్ని పథకాలలో రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు వాడిన డేటాకు లెక్క లేదు. అలారం పెట్టుకొని అర్ధరాత్రి దాటిన తరువాత లేచి డౌన్‌లోడ్ ప్రారంభించి తిరిగి పడుకున్న విద్యార్థులు నేడు మధ్యవయస్కులై ఉంటారు. 2007 జనవరిలో వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచడం జరిగినది. 256 కేబీపీఎస్ వేగంపై ఒక జీబీ డేటా రావడానికి 8 గంటల 40 నిమిషాలు పట్టేది. 2 ఎంబీపీఎస్ వేగంపై గంటా ఏడు నిమిషాలు చాలును. వేగంతోబాటు పరిమితి పెరగని ఇళ్లలో బిల్లులు పెరిగినవి. వేగం పెరిగిన ప్రతిసారీ పరిమితి ఎంత పెరిగినదని అడగాలన్న పాఠం నాటిది.

పదేళ్ల తరువాత హైదరాబాద్ నగరంలో ఇదే మరింత పెద్ద ఎత్తున కనిపించినది. 2017 మార్చిలో ఒక ప్రైవేటు సంస్థ సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో ఇంటర్నెట్‌ను నెలకు రూ. 5,999 ధరకు ప్రవేశపెట్టినది. పరిమితి ఒక టెరాబైట్. నాడు అది దేశంలో చెప్పుకోదగిన విశేషమే. కాని పూర్తి వేగంతో వాడితే ఆ నెల కోటా 2 గంటల 13 నిమిషాలలో తీరిపోతుందన్న లెక్క మాత్రం ఎక్కువగా చర్చకు రాలేదు.

టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, అనగా ట్రాయ్, 2012 జులైలో ఈ విషయమై తొలి ఆదేశం జారీ చేసినది. ఎంత డేటా వరకు ఎంత వేగం, పరిమితి దాటిన తరువాత ఎంత వేగం అనే వివరాలు వెల్లడించాలని, వాడకం 80 శాతానికి చేరినప్పుడు వినియోగదారుని హెచ్చరించాలని, వేగాన్ని నాటి బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగమైన 256 కేబీపీఎస్ కంటె తగ్గించరాదని నిర్దేశించినది. తిరిగి 2016 అక్టోబరు 31న జారీ చేసిన ఆదేశంలో ఈ నిబంధనలను బిగించినది. స్థిర బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారునికి వాడకం 50, 90, 100 శాతానికి చేరిన ప్రతిసారీ సంక్షిప్త సందేశం ద్వారా గాని, ఈ-మెయిల్ ద్వారా గాని తెలియపరచాలి. పథకం వివరాలను వెబ్‌సైట్‌తోబాటు ప్రకటనలలో కూడ ఇవ్వాలి. తగ్గించిన వేగం 512 కేబీపీఎస్ కంటె దిగువకు పోరాదు.

ఇక్కడ పాత్రికేయులు, అధికారులు ప్రత్యేకించి గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస డౌన్‌లోడ్ వేగం 2004 విధానంలో 256 కేబీపీఎస్. 2013లో దానిని 512కు పెంచినారు. 2023 జనవరిలో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2 ఎంబీపీఎస్‌గా సవరించినది. 2012లోను, 2016లోను ట్రాయ్ నిర్దేశించిన కనీస వేగం ఆయా కాలాల నిర్వచనానికి సరిగా సమానంగా ఉండినది. 2016 నాటి 512 అంకెను 2023 నిర్వచనంతో పోల్చితే అది నాల్గవ వంతు. పరిమితి దాటిన తరువాత 512 కేబీపీఎస్ అందే ఇంటికి నెలాఖరున వస్తున్నది కొత్త నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండే కాదు. బిల్లు మాత్రం బ్రాడ్‌బ్యాండ్ బిల్లే. ఆ వేగంతో ఒక జీబీ రావడానికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. 2020లో పాఠశాలలు మూతపడి పాఠాలన్నీ ఇంటర్నెట్‌కు మారినప్పుడు, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరు తరగతిలో ఉంటే రెండవవారు వేచి ఉండవలసి వచ్చినదంటే కారణం ఇదే. అనేక సంస్థలు ఒకటి లేక రెండు ఎంబీపీఎస్ ఇస్తున్న మాట వాస్తవమే గాని, ఏ పథకానికి ఎంత అన్నది అడిగితే గాని తెలియదు.

2020 ఆగస్టు అనంతరం పెద్ద సంస్థల మధ్య పోటీ పెరిగి ‘నిజమైన అపరిమితం’ అనే పథకాలు వచ్చినవి. వాటి షరతులలో సైతం నెలకు సుమారు 3,300 జీబీ అనే పరిమితి కనిపించినది. సాధారణ కుటుంబానికి అది ఎక్కువే. అయినప్పటికీ పరిమితి ఉన్న దానిని అపరిమితమనడం భాషకే అన్యాయం.

ప్రకటనల విషయంలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో జారీ చేసిన మార్గదర్శకాలు ఈ సందర్భంలో ఉపయోగకరమైనవి. ప్రకటనలోని ప్రధాన వాగ్దానానికి విరుద్ధమైన వివరణను అడుగున చేర్చి తప్పించుకొనడానికి వీలు లేదు. ఆ వివరణ కూడ వాగ్దానం ఏ భాషలో ఉన్నదో అదే భాషలో, అదే రకం అక్షరాలతో ఉండాలి. ‘అపరిమితం’ అని తెలుగులో వేసి, షరతులను చీమ తలకాయంత ఆంగ్ల అక్షరాలలో ముద్రించే కరపత్రాలు మన పట్టణాలలో కొత్త కాదు. వినియోగదారుల సంఘాలు ఇటువంటి కరపత్రాలను భద్రపరచి ఫిర్యాదుకు జతచేస్తే అవి మంచి సాక్ష్యం కాగలవు.

వేగం తగ్గడం అన్నింటికీ సమానంగా జరుగుతున్నదా, ఏదో ఒక వెబ్‌సైట్‌కు మాత్రమే జరుగుతున్నదా అన్నది వేరుగా పరిశీలించాలి. మొదటిది షరతుల ప్రకారం ఉండవచ్చును. రెండవది, సహేతుకమైన సాంకేతిక నిర్వహణకు సంబంధించిన మినహాయింపులు తప్ప, 2018లో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాలకు విరుద్ధం.

ఫిర్యాదు చేయదలచినవారు ముందుగా వేగాన్ని వైఫై ద్వారా గాక, తీగ నేరుగా కంప్యూటరుకు కలిపి కొలవాలి. గోడల మధ్య వైఫై బలహీనపడడాన్ని సంస్థపై మోపితే అసలు ఫిర్యాదు కూడ వీగిపోతుంది. పరిమితి దాటక ముందు ఒకసారి, దాటిన తరువాత ఒకసారి కొలిచి, తేదీ, సమయంతో సహా నమోదు చేసుకోవాలి. 50, 90, 100 శాతం సందేశాలు వచ్చినవో లేదో చూసుకోవాలి. రాకపోయినట్లయితే ఫిర్యాదులో మొదట వ్రాయవలసినది అదే. విద్యుత్ మీటరు ఇంటి గోడపై కనిపిస్తుంది. డేటా మీటరు అమ్మకందారు వద్దనే ఉన్నది. కనుక ఈ సందేశాలు వినియోగదారునికి ముఖ్యమైన ఆధారం.

తరువాత సంస్థ ఫిర్యాదు కేంద్రానికి తెలియపరచి డాకెట్ నంబరు తప్పక తీసుకోవాలి. గ్రామాలలోను, చిన్న పట్టణాలలోను చిక్కు ఇక్కడే వస్తున్నది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ పథకంతో సహా, అనేక చోట్ల ఇంటింటికీ తీగ లాగినది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. వినియోగదారుడు డబ్బు చెల్లించేది, ఫిర్యాదు చెప్పుకునేది వారికే. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు నంబరు ఉండదు, నంబరు లేని ఫిర్యాదుకు అప్పీలు ఉండదు. ఆపరేటరుతో స్నేహం ఎంత ఉన్నా సంస్థ కేంద్రంలో నమోదు చేయించుకోవడం అవసరం. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం పరిష్కారం లభించనప్పుడు 30 రోజులలోగా సంస్థలోని అప్పీలు ప్రాధికారికి రుసుము లేకుండా విన్నవించుకోవచ్చును. దానిని 39 రోజులలో పరిష్కరించవలసి ఉన్నది. ట్రాయ్ స్వయంగా వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు.

అక్కడ కూడ న్యాయం జరగనట్లయితే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. టెలికాం వివాదాలు ఈ కమిషన్ల పరిధిలోకి రావని 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా చాలకాలం వాదన నడిచినది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం సేవల నిర్వచనంలో టెలికాంను స్పష్టంగా చేర్చినది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక కేసులో, 1986 చట్టం కింద సైతం కమిషన్లకు ఈ అధికారం ఉన్నదని తేల్చి చెప్పినది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలం రూ. 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ఇంటర్నెట్ బిల్లులన్నీ ఆ లోపువే. వివాదకారణం ఏర్పడిన రెండు సంవత్సరాలలోగా దాఖలు చేయాలి. కేసుకు ముందు సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చును.

కొత్త పథకాల వార్తలు ప్రచురించే పత్రికలు ధర, వేగంతోబాటు పరిమితి ఎంత, పరిమితి దాటిన తరువాత వేగం ఎంత అన్న రెండు అంకెలను కూడ సంస్థను అడిగి వేసినట్లయితే, పాఠకులు డబ్బు చెల్లించక ముందే వాటిని తెలుసుకోగలుగుతారు.